నాము మొలిచిన చేను

రెండో సెమిస్టర్‌లో ఆర్గానిక్ కెమిస్ట్రీ ఇంటర్నల్ పరీక్ష నేను తప్పడానికి కారణం నా పెంపకం. నవ్వకండి, నిజమే చెబుతున్నాను.

ఆ సబ్జెక్టులో ఒక పదార్థం ఇంకో పదార్థంతో ఎలా కలుస్తుందో బాణాలు గీసి చూపించాలి. ఎలక్ట్రాన్లు ఎక్కువున్న చోట బాణం మొదలవ్వాలి, తక్కువున్న చోటికి పోయి ఆగాలి. ఉన్నచోటి నుంచి లేనిచోటికి. ఆ ముక్క పట్టుకుంటే సగం పుస్తకం పట్టుకున్నట్టే. నేను పేపరు నిండా తలకిందులుగా గీసిపెట్టాను. లేనివాడి దగ్గర మొదలుపెట్టి, ఉన్నవాడి గడప దాకా లాగాను.

ఎందుకు లాగనూ? మాది తమిళనాడులో అంచెట్టి దాటాక కొండల్లో ఉండే పల్లె. అక్కడ విత్తనం లేనివాడు విత్తనం ఉన్నవాడి ఇంటికి పోతాడు. నీళ్ళు లేనివాడు బోరున్నవాడి గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడతాడు. ఉన్నవాడు తన దగ్గరున్నది పట్టుకుని లేనివాడిని వెతుక్కుంటూ రావడం నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. పరీక్ష హాల్లో బుర్ర వేడెక్కినప్పుడు మనిషి చదివింది రాయడు, చూసింది రాస్తాడు. మా మేడమ్ ఆ బాణాలన్నిటినీ ఎర్ర ఇంకుతో కొట్టేసి, చివర ఒక సున్నా చుట్టింది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కాలేజీ పుస్తకంలో ఇంగ్లీషు. ఈ మూడింటి మధ్య నలిగి నేను ఏం నేర్చుకున్నానో ఆ సున్నా తేల్చి చెప్పింది.

మేడమ్ అంటే మా డిపార్ట్‌మెంట్ పెద్ద. కృష్ణగిరిలో మా కాలేజీలో ఆమె పెట్టిన పద్ధతి ఒకటుండేది. ఇంటర్నల్ తప్పినవాళ్ళు తల్లినో తండ్రినో తీసుకువచ్చి ఆమె ముందు నిలబెట్టాలి. అప్పుడే హాల్ టికెట్. పద్దెనిమిదేళ్ళు నిండి ఓటు వేయడానికి పనికొచ్చేవాళ్ళం, కెమిస్ట్రీ తప్పితే మాత్రం నాన్న చెయ్యి పట్టుకుని రావాలి. ఆ ఆలోచన ఎలా తట్టిందో గాని ఆమెకో దండం.

ఫోన్‌లో నాయనకు సంగతి చెప్పాను.

"తిడతారా?" అన్నాడు.

"తిడతారు నాయనా."

"తిట్నీలే. తిడితే ఒంటికి అంటుకుంటాదా? మీయమ్మకు మాత్రం చెప్పొద్దు."

అమ్మకు చెప్పకపోవడానికి కారణం ఉంది. నేను కాలేజీకి పోవడం అమ్మకు మొదటి నుంచి ఇష్టం లేదు. మాకున్నది రెండు పాడి ఆవులు, అందులో ఒకటి చూలుది. ఒక రాగి చేను, అదీ వాన దేవుడి చేతిలో ఉన్నది. ఆ ఆవుల పాలు వ్యాను ఎక్కితేనే నా హాస్టల్, నా మెస్సు, నా పుస్తకాలు. "ఆవులు తినాల్సిన చిట్టు పాప తింటాంది" అని అమ్మ నవ్వుతూనే అనేది. నవ్వులో నిజం ఉండేది. నాయన మాత్రం మొండిగా పంపించాడు. నేను ఒక పేపరు తప్పానని తెలిస్తే అమ్మ మాటే నెగ్గుతుంది. అందుకని దెంకణికోటలో రేషన్ కార్డు పనుందని అమ్మకు చెప్పి, తెల్లవారక ముందే మొదటి బస్సుకు బయలుదేరాడు.

ఆ రోజు ఆవుల్ని అమ్మే తోలుకుపోయింది.

ఇక్కడ మా నాయన పశువుల్ని మేపే తీరు కొంచెం చెప్పాలి. ఏ రోజు ఎటు తోలాలో ఆయన పొద్దున్నే లేచి గాలి చూసి, నేల చూసి అనుకునేవాడు. ఎవరికీ చెప్పేవాడు కాదు. చెప్పాల్సిన అవసరమూ ఎప్పుడూ రాలేదు, ఎందుకంటే రోజూ తోలేది ఆయనే. వేసవిలో పెద్దింటి వాళ్ళ జొన్న చేను మా ఆవులకు మేత. కోత అయిపోయాక మోళ్ళు మిగిలిన చేనిలో మా పశువులు మేయొచ్చు, వాటి పేడ ఆ చేనికి ఎరువు. తాతల నాటి ఏర్పాటు, కాగితం లేదు, కలం లేదు. మా ఇంటి నుంచి ఆవుల్ని విప్పి వదిలితే వాటంతట అవే ఆ చేనికి పోతాయి.

కొండల్లో వాన చిత్రంగా పడుతుంది. ఈ గట్టు తడుస్తుంది, ఆ గట్టు మీద దుమ్ము లేస్తుంది. అంతకు కొన్ని రోజుల ముందు పెద్దింటి వాళ్ళ చేను మీద ఒక జల్లు పడిందట. మా ఇంటి మీద చినుకు కూడా పడలేదు. నాయన ఆ సాయంత్రమే మబ్బు ఎటు దిగిందో చూసి, మర్నాటి నుంచి ఆవుల్ని అటు పోనివ్వలేదు. అడవి అంచుకే తోలాడు. ఎందుకంటే, కోసిన జొన్న మోళ్ళు ఎండలో మాడి ఉన్నప్పుడు వాన పడితే లేత పిలకలు వేస్తాయి. ఆ పిలకలనే నాము అంటాం. చూడ్డానికి పచ్చగా, ముద్దుగా ఉంటుంది. పశువు నాలుగు నోళ్ళు మేసిందా, పోయిందే. మా వైపు పిల్లలకు పాము, నాము రెండూ ఒకే వయసులో చెబుతారు. అమ్మకు తెలియక కాదు. ఎండు మోళ్ళ మధ్య బెత్తెడు కూడా లేని పచ్చదనం ఎండలో ఆమెకు కనిపించలేదు, అక్కడ వాన పడిన సంగతే ఆమెకు తెలియదు. అది తెలిసిన నాయన బస్సులో ఉన్నాడు.

ఇందులో ఇంకో విడ్డూరం కూడా ఉంది, తలుచుకుంటే ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఆ వారమే మాకు క్లాసులో సైనైడ్ పాఠం అయింది. హైడ్రోజన్ సైనైడ్ పోయి ఆల్డిహైడ్‌తో కలిసి సైనోహైడ్రిన్ అవుతుంది. మేడమ్ బోర్డు మీద బాణాలు గీసి, ఇలాంటివి ప్రకృతిలో కూడా ఉంటాయి, లేత జొన్నలో ఉంటుంది, అది మేసి పశువులు చస్తాయి, దానికి విరుగుడు హైపో, మన ల్యాబులోనే ఉంది అని తమిళంలో చెప్పింది. నేను పక్కనున్న అమ్మాయి మోచెయ్యి గిల్లి "మా నామేనే ఇది!" అన్నాను. హోసూరు టౌన్‌లో పుట్టిన పిల్ల, దానికి ఏం తెలుస్తుంది పాపం, అలా చూసింది. ఆ సెమిస్టర్ మొత్తంలో నాకు పుస్తకం అర్థమైన మొదటి రోజు అది. ఇంటికి పోయినప్పుడు నాయనకు చెప్పాలి, నీ నాములో ఉన్నది ఇదీ, దాని బొమ్మ ఇదీ అని గీసి చూపించాలి అని ఎంత సంబరపడ్డానో.

నాయన కాలేజీకి వచ్చేసరికి ఎండ బాగా ఎక్కింది. పెళ్ళిళ్ళకు తొడిగే తెల్లచొక్కా తొడుక్కున్నాడు. తలకు నూనె పెట్టి దువ్వాడు. అయినా దగ్గరికి వస్తే పశువుల వాసన వచ్చింది, అది చొక్కాతో పోయే వాసన కాదు. మేడమ్ గది బయట బెంచీ మీద చాలాసేపు కూర్చోబెట్టారు. ల్యాబు వాసనకు నాయన ముక్కు ఎగబీల్చి, "ఏందమ్మా ఈ కంపు, ఇందులోనా నువ్వు చదివేది?" అన్నాడు. అన్న తర్వాత నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

లోపలికి పిలిచారు. మేడమ్ కుర్చీ చూపించినా నాయన కూర్చోలేదు. ఆమె నా పేపరు తీసి ఆ ఎర్ర గీతలన్నీ ఆయన ముందు తిప్పింది. చదువు రాని మనిషికి తప్పిన పేపరు చూపించడం ఏం పద్ధతో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆయన ఒక్కో పుటనూ శ్రద్ధగా చూశాడు. అప్పుడు ఆయన జేబులో ఫోన్ మోగింది. పాత బటన్ ఫోన్, డప్పు కొట్టినట్టు మోగుతుంది. నాయన ఉలిక్కిపడి నొక్కేశాడు.

"మీ అమ్మాయికి శ్రద్ధ లేదు," అంది మేడమ్. ఆమెకు తెలుగు వచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

"ఉండాదమ్మా, శ్రద్ధ ఉండాది. మాది కొండ. ఆడ చెప్పేవాళ్ళు లేరు. దానికి నిదానంగా వస్తాది."

మళ్ళీ మోగింది. మేడమ్ ముఖం చిట్లించింది. నాయన మళ్ళీ నొక్కేశాడు. ఇంకోసారి మోగేసరికి ఆమె, "ఆఫ్ చెయ్యండప్పా, మాట్లాడుతున్నాం కదా," అంది. నాయన తప్పు చేసిన పిల్లాడిలా ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుని బటన్ ఒత్తి పట్టి, వెలుగు ఆరిపోయేదాకా చూసి జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత మేడమ్ చాలా చెప్పింది. నాయన ప్రతి మాటకూ గంగిరెద్దులా తలూపాడు. నన్ను మాత్రం ఒక్క మాట కూడా తక్కువ చేయలేదు. "ఈతూరి తప్పదమ్మా, నేను చెప్తాండాను గదా" అన్నాడు. ఆ మాట ఆయన ఏ ధైర్యంతో అన్నాడో.

బయటికి వచ్చి వేపచెట్టు కింద ఫోన్ ఆన్ చేసి తిరిగి చేశాడు. ఆ నంబరు పక్కింటి వాళ్ళది. మా ఇంటి దగ్గర సిగ్నల్ ఉండదు, పక్కనున్న పెద్ద రాతిగుండు మీదికి ఎక్కితేనే దొరుకుతుంది. ఆ ఎండలో అమ్మ వాళ్ళ ఫోన్ అడుక్కుని గుండు ఎక్కి చేస్తోంది. ఆమె అరుపు నాకు కూడా వినిపించింది.

"యాడుండావు? ఎన్నితూర్లు చేసేది? ఆవులు పడిపొయినాయి. రెండూ. నోట్లో నురగ వస్తాంది, కాళ్ళు కొట్టుకుంటాండాయి."

"ఏ చేన్లో?"

"పెద్దింటోళ్ళ మోళ్ళల్లో."

నాయన చెట్టుకు చెయ్యి ఆనించాడు. "నాము," అన్నాడు. "ఆడ వాన పడిందే. బెల్లం నీళ్ళు బిన్నా తాపు, ఆలస్యం చెయ్యొద్దు. మజ్జిగుంటే తాపు. డాక్టర్‌ని పిల్చమను."

డాక్టరు ఆ రోజు టీకాలు వేయడానికి వేరే పల్లెకు పోయాడట. మనిషిని పంపించామని అమ్మ అంది. ఫోన్ తెగిపోయింది.

నేను పరిగెత్తి మేడమ్ గదిలోకి పోయాను, అనుమతి కూడా అడగలేదు. "మేడమ్, మా ఆవులు నాము మేశాయి, జొన్న, సైనైడ్, హైపో కావాలి," అని ఏ భాషలో చెప్పానో నాకే తెలియదు. ఆమె లేచి నిలబడింది. ముఖం తెల్లబోయింది. అటెండర్ కోసం చూడకుండా తనే బీరువా తాళం తీసి, సీసాలోంచి హైపో స్ఫటికాలు కాగితంలో పోసి పొట్లం కట్టింది. "ఇది నరంలో ఎక్కించాలి, డాక్టరే ఎక్కించాలి. నీళ్ళలో కలిపి తాగించినా కొంత పని చేస్తుంది. పో, పో," అంది. అంతసేపూ ఆ మనిషి మీద పళ్ళు నూరిన నేను ఆ పొట్లం తీసుకుని ఏడ్చాను. ఎక్కడి కృష్ణగిరి, ఎక్కడి మా కొండ. సమయానికి అందదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆమె కట్టింది, నేను తీసుకున్నాను.

బస్సులో నాయన ఆ పొట్లాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. రాయకోట రాకముందే ఫోన్ మోగింది. ఈసారి మొదటి మోతకే ఎత్తాడు. విన్నాడు. "సరే," అన్నాడు. పెట్టేశాడు.

"రెండూనా?" అన్నాను.

తల ఊపాడు. రాయకోటలో బస్సు ఆగినప్పుడు, "నువ్వు దిగి ఎనక్కి పో పాపా. పరీక్షలుండాయి గదా," అన్నాడు.

"నేను దిగను నాయనా."

"ఈ మందు ఇంక దేనికన్నా పనికొస్తాదా?"

"రాదు."

ఆయన పొట్లం విప్పి చూశాడు. పటికబెల్లంలా మెరుస్తోంది. మళ్ళీ జాగ్రత్తగా మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కాలేజీ వాళ్ళది కదా, పారేయడానికి ఆయనకు మనసు రాలేదు.

దెంకణికోటలో బస్సు మారి, అంచెట్టిలో దిగి, అక్కడి నుంచి ఒక టెంపో దొరికి మేము పోయేసరికి పొద్దు వాలుతోంది. ఆవులు రెండూ పెద్దింటి వాళ్ళ చేనిలోనే ఉన్నాయి. పొట్టలు ఉబ్బి, కాళ్ళు కొయ్యల్లా చాచుకుని. చూలు ఆవు కడుపులో దూడ ఎంతసేపు బతికిందో. గట్టు మీద చేను యజమాని నిలబడి ఉన్నాడు. పాపం అన్నాడు, నిజంగానే అన్నాడు. ఆ తర్వాత, "ఈడ మాత్రం గొయ్యి తవ్వొద్దప్పా, దున్నేటప్పుడు నాగలికి తగులుతాది," అన్నాడు. నలుగురిని పిలిచి, కాళ్ళకు తాళ్ళు కట్టి, ఆ రెండింటినీ మా రాగి చేను దాకా ఈడ్చారు. మెడలు నేల మీద రాసుకుంటూ పోయాయి. ఆ చప్పుడు నేను చెప్పలేను.

అమ్మ మోళ్ళ మధ్య కూర్చుని ఉంది. చీర కుచ్చెళ్ళ నిండా బెల్లం నీళ్ళు, నురగ. నాయనను చూసి లేవలేదు.

"నేను చేస్తాంటే కట్ చేస్తివే," అంది.

"మేడమ్ ముందర ఉండినాను."

"ఏ మేడమ్?"

అప్పుడు గాని నాయనకు తాను చెప్పిన అబద్ధం గుర్తుకు రాలేదు. నా వైపు చూశాడు. నేనే చెప్పాను, పరీక్ష తప్పిన సంగతి, పిలిచిన సంగతి, అన్నీ. అమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నోరున్న మనిషి, ఊరంతా వినేలా తిట్టగలదు. ఆ రోజు నా ముఖం, నాయన ముఖం ఒకదాని తర్వాత ఒకటి చూసి, లేచి కొంగు దులుపుకుని, గొయ్యి తవ్వేవాళ్ళకు నీళ్ళు తేవడానికి పోయింది.

మర్నాడు నేను ఒక తెలివితక్కువ పని చేశాను. అమ్మను ఓదార్చాలనుకున్నాను. "అమ్మా, ఆ విషం ఒంట్లోకి పోతే గాలి పీల్చినా ఒంటికి అందదు. చాలా తొందరగా ప్రాణం తీస్తుంది. నాయన ఫోన్ ఎత్తినా అవి బతికేవి కావు," అన్నాను. శాస్త్రం ప్రకారం నేను చెప్పింది చాలావరకు నిజమే.

అమ్మ పొయ్యి ముందు నుంచి తిరిగి చూసింది. "అది నీ పుస్తకం చెప్తాందా?"

"అవును."

"ఎత్తుంటే నాకు ఒక మాట తోడుండేది. అది చెప్తాందా నీ పుస్తకం?"

చదువు మానేస్తానని నేను అన్నాను. అమ్మ సరే అంటుందనుకున్నాను. నాయన మానొద్దంటాడనుకున్నాను. అమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోసింది. చివరికి నాయన, "ఇంతైనాక మానేస్తే ఆ రెండూ ఎందుకు చచ్చినట్టు? రాసి రా," అన్నాడు. నేను రాయడానికి పోయాను. ఆయన మాట నా మీద బండలా కూర్చుంది, ఇప్పటికీ దిగలేదు.

పరీక్షలో సైనైడ్ ప్రశ్న వచ్చింది. రాకుండా ఉంటే బాగుండునని ఒకవైపు, వస్తే ఒక పట్టు పడదామని ఒకవైపు కొట్టుకుంటూ కూర్చున్నాను, వచ్చింది. బాణాన్ని సైనైడ్ దగ్గర మొదలుపెట్టి, కార్బన్ దగ్గర ఆపాను. ఉన్నచోటి నుంచి లేనిచోటికి. పళ్ళు బిగపట్టి రాశాను, కాగితం చిరిగేంత ఒత్తి రాశాను. ఆ పేపరులో నాకు మా క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. సిగ్గులేని మార్కులు. ఆ రోజు హాస్టల్లో స్వీటు పంచమని అందరూ నా వెంటపడితే, బాత్రూంలోకి పోయి గడియ పెట్టుకున్నాను.

ఆవులు లేని ఇంట్లో మా వాళ్ళు ఎక్కువ కాలం నిలవలేదు. హోసూరు దగ్గర మూకండపల్లిలో ఫ్యాక్టరీల పక్క సందులో రేకుల గది ఒకటి తీసుకున్నారు. నాయన ఒక కంపెనీలో కాంట్రాక్టు కింద డబ్బాలు మోస్తాడు. గేటు దగ్గర ఫోన్ తీసి పెట్టేసుకుంటారు, సాయంత్రం ఇస్తారు. అమ్మ గులాబీ తోటలో పూలు కోస్తుంది, హోసూరు బయట ఆ ప్లాస్టిక్ పందిళ్ళ కింద. కొండ మీద ఎంత ఎండలోనైనా గొంతెత్తి మాట్లాడే మనిషి, ఇక్కడ గోడ అవతల వాళ్ళకు వినిపిస్తుందని గుసగుసగా మాట్లాడుతుంది. నాయన తెల్లవారక ముందే లేచి, తోలడానికి ఏమీ లేక, సందు చివర దాకా పోయి మబ్బు చూసి వస్తాడు. ఒకరి మీద ఒకరు గొంతు పెంచుకోరు. ఆ రోజు సంగతి ఇద్దరూ ఎత్తరు.

మరుసటి ఏడు కాలేజీలో మంచి మార్కులు వచ్చినవాళ్ళకు బహుమతులు పెట్టారు. తల్లిదండ్రులు రావాలట, స్టేజీ మీద వాళ్ళ చేతే ఇప్పిస్తారట. మేడమ్ నన్ను పిలిచి, "మీ నాన్నను తప్పకుండా తీసుకురా. ఆయనతో నేను ఒక మాట చెప్పాలి," అంది. ఆమె కళ్ళు దించుకుని చెప్పింది. ఆ మాటేమిటో నాకు తెలుసనుకుంటాను.

ఆదివారం మూకండపల్లి పోయి చెప్పాను. నాయన అన్నం తింటున్నాడు. అమ్మ గడప దగ్గర వెలుతురులో కూర్చుని, వేలిలో విరిగిన గులాబీ ముల్లును పిన్నీసుతో తీసుకుంటోంది.

"నేను రానమ్మా," అన్నాడు నాయన.

"ఈసారి తిట్టడానికి కాదు నాయనా. మెచ్చుకోడానికి."

"ఎందుకైనా కానీ. పోయినతూరి నేనాడికి వస్తే ఇంటికాడ రెండు పోయినాయి." నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "ఇప్పుడు ఇంట్లో ఉండేది మీయమ్మ ఒకతే."

అమ్మ వేలి మీది నుంచి తల ఎత్తలేదు.

"పొయ్యిరా పో," అంది. "ఈతూరి నేను ఫోన్ చెయ్యన్లే."